జింక తినని చెట్లే ఎందుకు?



ప్లాంటేషన్లల్ల ఇప్ప, ఉసిరి ఎందుకు పెట్టరని అడిగితే ఒక రెడీమేడ్ జవాబు వస్తది. అవి పెడితే జింకలు, పశువులు బతకనియ్యవు, టేకు, నీలగిరి అయితే ముట్టవు అని. ఇందులో సగం నిజమే. దుప్పి ముఖ్యంగా గడ్డి మేస్తది. ఎండాకాలం గడ్డి మాడిపోతే లేత మొక్కల మీద పడ్తది.

కానీ ఆలోచించండి. జింకలున్న అడవిలో అవి తినని చెట్లే నాటితే ఆ అడవి ఎవరి కోసం? కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్ చేసిన్రు. పులికి తిండి జింక. ఆ పులి పేరు చెప్పే కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను బయటికి తరలించిన్రు. మరి జింక తిండి సంగతి? ఇప్పపువ్వు రాలితే జింక తింటది, ఎలుగుబంటి తింటది, మనం ఏరుకుంటం. ఉసిరి, తునికి, మొర్రి కూడా అంతే. టేకు దుంగ మాత్రం డిపోకు పోతది.

1978లో సింగ్‌భూమ్ ఆదివాసీలు సాల్ అడవి తీసి టేకు పెట్టుడు మీద తిరగబడ్డది ఇందుకే.

జింక నుంచి మొక్కను కాపాడుడు తెలియని విద్య కాదు. రేగు పొదల నడుమ పడ్డ గింజ ముళ్ల చాటున పెరుగుతది, జింక మూతి అక్కడికి పోదు. మనిషి ఎత్తు దాటినంక చిగురు దానికి అందదు. అప్పటిదాకా కంప కొట్టి చుట్టూ పెట్టాలె. తునికికైతే మొక్క నాటే పనే తక్కువ, నేలల ఉన్న వేర్ల నుంచే పిలకలొస్తయ్. ఆ పొదలను, మొద్దులను పీకి చదును చేసి గుంతలు తవ్వుడే అసలు నష్టం.

ఇంకొకటి, ఇప్ప గింజ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. రాలిన వెంటనే విత్తాలె. అంటే నర్సరీ చెట్టు దగ్గర, ఊర్ల ఉండాలె, జిల్లా కేంద్రంల కాదు.

2015ల మొదలైన హరితహారం లెక్క కోట్ల మొక్కలల్ల చెప్పిన్రు. ఏ జాతి ఎంత, ఎన్ని బతికినయ్ అన్నది ఊరికి ఎవరు చెప్పిన్రు? 2016 పరిహార వనీకరణ చట్టంల గ్రామసభ సమ్మతి అన్న మాటే లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అడవిని కాపాడే, పునరుద్ధరించే హక్కు మనకిచ్చింది.

2025ల కంచ గచ్చిబౌలి జింకల కోసం ఈ నగరం కొట్లాడింది, సంతోషం. సికింద్రాబాద్ రూముల్ల కూసొని బీట్ ఆఫీసర్ పరీక్షకు చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు రేపు ఆ మొక్కల లిస్టు పట్టుకునేటోళ్లే. ఈ ఎండాకాలం ఇంటికి పోయినప్పుడు గ్రామసభల తీర్మానం పెట్టించండి: మా అడవిల ఏ చెట్టు పెట్టాల్నో మేమే రాసిస్తం, కంప కొట్టే కూలీ మాకే ఇయ్యాలె అని.