గులకరాళ్ళ చప్పుడు

ఒక రాజు తన మంత్రిని పిలిచి, లోకంలోని భాషలన్నీ ఎలా ఉంటాయో తెలుసుకొని వచ్చి వినిపించమన్నాడట. మంత్రి దేశాలు తిరిగి వచ్చి ఒక్కొక్క భాషా మాట్లాడి చూపించాడు. పష్తో వంతు వచ్చేసరికి నోరు తెరవలేదు. ఒక డబ్బాలో గులకరాళ్ళు పోసి లొడలొడ ఆడించాడు. సభలోనివారంతా నవ్వారట.

పష్తోను గురించి చాలాకాలంగా చెప్పుకొనే కథ ఇది. మన దక్షిణాది భాషలను గురించి కూడా ఉత్తరాదివారు కొందరు ఇటువంటి మాటే చెప్పి నవ్వుతుంటారు. కాబట్టి ఆ సభతోపాటు నవ్వేముందు మనం కొంచెం ఆలోచించాలి.

పష్తో ఆఫ్ఘనిస్తాన్‌లోనూ, పాకిస్తాన్ వాయవ్య ప్రాంతాలలోనూ కోట్లమంది మాట్లాడే భాష. పారసీక భాషకు చుట్టం. బయటివారికి అది కఠినంగా తోచడానికి కారణాలు లేకపోలేదు. అందులో మాట మొదటనే హల్లులు పెనవేసుకొని వస్తాయి. సూర్యుణ్ణి వారు ‘ల్మర్’ అంటారు. అచ్చులతో ముగిసే మాటలకు అలవాటుపడిన మన చెవికి అది బరువే. పైగా ట, డ, ణ వంటి ధ్వనులు ఆ భాషలో ఉన్నాయి. పారసీకంలో అవి లేవు. అందుచేత పారసీకానికి అలవాటుపడిన చెవికి అవి రాళ్ళలాగా తగులుతాయి. మరి మనకో? ‘అట్టు’, ‘గుడి’, ‘వీణ’ అని రోజూ పలికే మనకు అవి ఇంటి ధ్వనులు. ‘చలి’, ‘జడ’ అన్నప్పుడు మన నోట వచ్చే చ, జ ల వంటి ధ్వనులకైతే పష్తో లిపిలో ప్రత్యేకంగా అక్షరాలే ఉన్నాయి. ఒకే ధ్వని ఒకరికి రాయి, మరొకరికి అమ్మ మాట. అటువంటప్పుడు కాఠిన్యం భాషలో ఉన్నదా, వినే చెవిలో ఉన్నదా?

ఆ భాషలోనూ యాసలున్నాయి. కాందహార్‌వారు ‘పష్తో’ అంటారు. పెషావర్‌వారు ‘పఖ్తో’ అంటారు. మొదటిది మెత్తని యాస, రెండవది గట్టి యాస అని పేరు. కాని వ్రాతలో రెండుచోట్లా అక్షరం ఒక్కటే. ఒకే పుస్తకాన్ని ఎవరి యాసలో వారు చదువుకుంటారు.

‘గట్టి యాస’ గల పెషావర్ ప్రాంతంలోనే సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పుట్టాడు. ఆయన 1928లో ‘పఖ్తూన్’ అనే పత్రికను ఈ భాషలో స్థాపించాడు. 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ సంస్థను ఏర్పరచి, వేలాదిమందిచేత అహింసావ్రతం పట్టించాడు. కత్తిలాంటి భాష అని బయటివారు అనుకున్న భాషలో ఆయన శాంతిని బోధించాడు. ఆ భాషలోనే ఆడవారు తరతరాలుగా రెండు పాదాల పాటలు కట్టి పాడుకుంటున్నారు. మొదటి పాదానికి 9 అక్షరాలు, రెండవ పాదానికి 13. ప్రేమా, ఎడబాటూ, దుఃఖమూ అందులో ఇముడుతాయి.

ఈ సంగతి మీకెందుకు చెబుతున్నాను? బళ్ళారిలో, హొసూరులో, బరంపురంలో, సోలాపూరులో, యానాంలో తెలుగు చదువుతున్న మీకు ఇటువంటి అనుభవం ఉండే ఉంటుంది. పొరుగు భాష పిల్లలు మీ మాటను వెక్కిరిస్తారు. సెలవులకు ఆంధ్రప్రదేశ్‌కో, తెలంగాణకో వెళితే చుట్టాల పిల్లలు ‘ఇదేం తెలుగు?’ అంటారు. అప్పుడు సిగ్గుపడి కొందరు ఇంట్లో కూడా తెలుగు మాట్లాడటం మానేస్తారు. అసలు నష్టం అదేనని నా అభిప్రాయం. ఎవరో నవ్వినంతమాత్రాన భాష నశించదు. ఆ నవ్వుకు జడిసి మనం నోరు మూసుకుంటే నశిస్తుంది. వ్రాసేటప్పుడు అందరికీ అర్థమయ్యే తెలుగు వ్రాయండి. మాట్లాడేటప్పుడు మీ ఊరి యాసను దాచకండి.

అలాగే, తెలియని భాష విన్నప్పుడు మీరూ నవ్వకండి. అర్థం తెలియనంతవరకు ఏ భాషైనా గులకరాళ్ళ చప్పుడే. ఆ మంత్రి పష్తోవారి ఊళ్ళో మరి నాలుగు నెలలు ఉండి ఉంటే డబ్బాతో పని ఉండేది కాదు.