కక్షిదారుకు తెలియని తీర్పులు

ఇంగ్లీషులో 'కల్‌ప్రిట్' అంటే నేరస్థుడు. ఆ మాట పుట్టుక గురించి న్యాయగ్రంథాల్లో ఒక కథ ఉంది. బోనెక్కిన మనిషి తాను నిర్దోషినని చెప్పగానే, కోర్టు గుమస్తా ఫ్రెంచిలో 'దోషివే, రుజువుకు సిద్ధం' అని బదులిచ్చేవాడు. రికార్డులో దాన్ని కుదించి 'కల్. ప్రిట్.' అని రాసుకునేవారు. ఫ్రెంచి మరుగునపడ్డాక, ఆ పొడి అక్షరాలు నిందితుణ్ణి పిలిచే పేరనుకున్నారు. విచారణయినా పూర్తికాని మనిషికి ఆ పేరు అలా అంటుకుంది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక పాలకుల భాష ఫ్రెంచి అయింది. క్రమంగా కోర్టులూ ఆ దారే పట్టాయి. అటార్నీ, జూరీ, బెయిల్, ప్లెయింటిఫ్ అలా వచ్చినవే. అఫిడవిట్, సబ్‌పీనా, అలిబీ లాటిన్ మాటలు. మార్ట్‌గేజ్ అంటే 'చచ్చిన తాకట్టు': బాకీ తీరకపోతే భూమి అప్పు తీసుకున్నవాడికి చచ్చినట్టే, తీరితే తాకట్టు అప్పిచ్చినవాడికి చచ్చినట్టే అని 17వ శతాబ్దంలో ఇంగ్లండు న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ వివరించాడు. వాదనలు ఇంగ్లీషులోనే సాగాలని 1362లో చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో! రికార్డులు శాశ్వతంగా ఇంగ్లీషులోకి మారేసరికి 1733 వచ్చింది.

తెలుగులో చట్టపు మాటలు చాలవనేవారు ఈ చరిత్ర చదవాలి. ఇంగ్లీషు కూడా అరువు మాటలతోనే నెగ్గుకొచ్చింది. వకీలు, దావా, జప్తు, వాయిదా మనకు పార్సీ, అరబ్బీల నుంచి వచ్చాయి. అరబ్బీలో 'ముద్దయీ' అంటే ఫిర్యాది, మన ముద్దాయేమో నిందితుడు. అయినా ఆ మాట వినగానే ఎవరి గురించో ఊళ్లో ఎవరూ పొరబడరు. వాడుక అంత బలమైనది.

తన భూమి తగాదా మీదే హైకోర్టులో ఇంగ్లీషులో వాదన నడుస్తుంటే, వెనక బెంచీలో కూర్చున్న రైతు వకీలు ముఖం చూసి గెలుపోటములు పోల్చుకోవాల్సి రావడం అన్యాయం. మార్పు సాధ్యమే. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పిచ్చింది. గవర్నరు రాష్ట్రపతి ముందస్తు అనుమతితో హైకోర్టు వ్యవహారాల్లో రాష్ట్ర భాషను వాడనివ్వవచ్చని రాజ్యాంగం 348(2) అధికరణం చెబుతోంది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టుల్లోకి హిందీ ఆ దారినే వచ్చింది. కింది కోర్టుల భాషను నిర్ణయించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది. హైకోర్టుల్లో తెలుగు వాడకానికి అనుమతి కోరుతూ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఢిల్లీకి అభ్యర్థన పంపాలి. ఈలోగా ప్రతి తీర్పుతోపాటు తెలుగులో ఒక సారాంశమైనా కక్షిదారు చేతికి అందాలి.