మొదటి రీలు

ఆలస్యంగా వెళ్లే మనిషి మూడుచోట్ల నష్టపోతాడు. పెళ్లి పంక్తిలో, రైలు స్టేషన్లో, సినిమాహాల్లో. పంక్తికి ఆలస్యమైతే బూరె పోతుంది, అంతేగదా. రైలు పోతే ఇంకో రైలొస్తుంది; బెజవాడ స్టేషన్లో కూర్చున్నవాడికి రైళ్లకి కరువేమిటి? సినిమాలో మొదటి రీలు పోయిందా, ఇక చెప్పేదేముంది! తెరమీద ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలియదు. పక్కవాణ్ణి అడిగితే వాడు విసుక్కుంటాడు. విసుక్కోకుండా చెప్పే పుణ్యాత్ముడు దొరికాడా, వాడు చెప్పడం పూర్తయ్యేసరికి రెండో రీలు కూడా పోతుంది.

వెయ్యి అడుగుల రీలు ఆడేది సుమారు 11 నిమిషాలు. ఆ 11 నిమిషాల్లో డైరెక్టరు మనతో ఒక ఒప్పందం చేసుకుంటాడు. 'ఇదిగో, నా కథ ఇలాంటిది, నువ్విక్కడ కూర్చుని చూడు' అంటాడు. ఆ ఒప్పందం బాగా కుదిరిన బొమ్మలు కొన్ని చెబుతాను వినండి.

1931లో చాప్లిన్ తీసిన 'సిటీ లైట్స్' సంగతి చూడండి. ఊరి పెద్దలంతా చేరి ఒక విగ్రహం ఆవిష్కరిస్తుంటారు. ఉపన్యాసాలు దంచేస్తుంటారు. మాటలు మాత్రం వినిపించవు, కీచుకీచుమనే శబ్దాలే. టాకీలొచ్చి లోకమంతా మాటల మోజులో పడివున్న రోజులు మరి! ఇంతలో ముసుగు లాగుతారు. విగ్రహం ఒళ్లో మన దేశదిమ్మరి హాయిగా నిద్రపోతుంటాడు. పెద్దలెవరో, ఆ ఊళ్లో తలదాచుకునే చోటు లేనివాడెవరో ఒక్క మాట లేకుండా చెప్పేశాడు.

1955లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' ఎలా మొదలెట్టాడు? ఒక చిన్నపిల్ల పక్కవాళ్ల తోటలో జామకాయలు ఏరుకుని పరిగెత్తుకొస్తుంది. ఆ తోట ఒకప్పుడు వాళ్లదే, అప్పులకింద పోయింది. ఇంటి సంగతంతా ఆ జామకాయలోనే ఉంది.

మన డెల్టావాళ్లకి మరీ దగ్గరిది 1957లో వచ్చిన 'మదర్ ఇండియా'. ముసలిదైన రాధ పొలంలో మట్టిబెడ్డ చేతిలోకి తీసుకుంటుంది. ఊరికి కాలువ వచ్చింది, నువ్వే ప్రారంభించాలమ్మా అని ఆమెను తీసుకువెళతారు. కాలువ నీళ్లంటే ఏమిటో మనకి ఇంకొకరు చెప్పాలా? 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట 1952లో తెగిపోతే ఈ జిల్లా రైతులు ఆకాశంవంకా కాలువవంకా మార్చిమార్చి చూశారు. ప్రకాశం బారేజీ పూర్తయింది 1957లోనే. ఆ ఏడు ఆ బొమ్మ చూసినవాళ్లకి హిందీ రాకపోయినా మొదటి రీలుకి తర్జుమా అవసరం లేకపోయింది.

మొదటి సీను అంటే సినిమాల్లోనే ఉంటుందనుకోకండి, సినిమావాళ్లకీ ఉంటుంది. గుడివాడ తాలూకా రామాపురం కుర్రవాడొకడు నాటకాల్లో ఆడవేషాలు వేస్తూ ఊళ్లు తిరుగుతున్నాడు. బెజవాడ స్టేషన్లో ఘంటసాల బలరామయ్యగారి కంట్లో పడ్డాడు. 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడైపోయాడు. ఆయనే అక్కినేని నాగేశ్వరరావుగారు. ఆనాడు ఆ ప్లాట్‌ఫారం మీద కాఫీ తాగుతూ నిలబడ్డవాళ్లకి తాము ఎంత పెద్ద బొమ్మలో మొదటి సీను చూస్తున్నారో ఏం తెలుసు?

ఇక నా గొడవకి వస్తాను. మన తెలుగువాళ్ల మంచి బొమ్మలు మూడు తీసుకోండి. 1951 'మల్లీశ్వరి', 1953 'దేవదాసు', 1957 'మాయాబజార్'. ఒకటి రాయలనాటి కథ, ఒకటి వంగదేశపు నవల, ఒకటి పురాణంమీద అల్లిన కల్పన. పోలికేమీ లేదంటారు. కాని మూడూ చిన్నపిల్లలతోనే మొదలవుతాయి. మొదట ఇద్దరు పిల్లలు ఆడుకుంటారు. వాళ్లకి డబ్బూ హోదా తెలియవు. రీళ్లు తిరిగేసరికి పెద్దవాళ్లకి ఆ రెండే గుర్తొస్తాయి. నాగరాజు బీదవాడని మల్లి తల్లి అంటుంది. పార్వతి ఇల్లు తమకి తగదని దేవదాసు తండ్రి అంటాడు. రాజ్యం పోయిన పాండవుల పిల్లవాడు మనకెందుకని రేవతీదేవి అంటుంది. ఆ పిల్లలిద్దర్నీ చూడనివాడికి తర్వాత పోయినదేమిటో తెలియదు.

మా అమ్మ చూడలేదు.

మా ఊరు గుడివాడకి అయిదు కోసుల్లో, కాలువగట్టు మీద. కోతలైపోయాక ఊరిబయట డేరా టాకీసు వెలిసేది. గాంధీనగరంలోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లోంచి రేకుపెట్టెల్లో రీళ్లు బస్సెక్కి వచ్చేవి. సాయంత్రం డేరాలోంచి ఘంటసాలవారి భక్తిగీతం రికార్డు వినపడిందంటే టిక్కెట్లిస్తున్నారన్నమాట. మేం పిల్లలం అన్నం సగంలో లేచి పరుగు. అమ్మకి అలా కుదురుతుందా? గేదె పాలు తీయాలి, పాలేళ్లకి అన్నాలు పెట్టాలి, నాన్న భోజనం అయ్యాక తాను తిని, అంట్లు బయట వేసి, దీపం తగ్గించి రావాలి. డేరాలో గుడ్డ అడ్డంకట్టిన ఆడవాళ్లవైపు ఆమె వచ్చి చతికిలబడేసరికి బొమ్మ ఎక్కడో ఉండేది. ఆమె ఒక్కతే కాదు. ఆడవాళ్లవైపు సగంమంది అలా మొదటి రీలు లేకుండా చూసినవాళ్లే. మా ఊరి ఆడవాళ్లకి సినిమా అంటే రెండో రీలునుంచి మొదలయ్యే వస్తువు.

1958 వేసవిలో మా డేరాకి 'మాయాబజార్' వచ్చింది. నాకు పదేళ్లు. బొమ్మ మొదలవగానే ద్వారకలో చిన్ని శశిరేఖ పుట్టినరోజు వేడుక. పాటా, హారతులూ. అభిమన్యుడూ పిల్లవాడే. శశిరేఖ నీ కోడలేనని బలరాముడూ రేవతీ సుభద్రకి మాట ఇస్తారు. ఆ మాటమీదే మిగతా బొమ్మంతా నిలబడింది. ఘటోత్కచుడు వచ్చినా, లడ్డూలు మాయమైనా, అన్నీ ఆ ఒక్క మాట నిలబెట్టడానికే.

తిరిగివస్తుంటే గట్టుమీద అమ్మ అంది:

"రేవతి చేసినదాంట్లో తప్పేముంది? ఆస్తంతా పోయినవాళ్లకి ఏ తల్లి పిల్లనిస్తుంది?"

"మాటిచ్చారు గదమ్మా!" అన్నాను నేను.

"ఎప్పుడిచ్చారు?"

"మొదట్లోనే. నువ్వు రాకముందు."

అమ్మ ఏదో అనబోయింది. ఇంతలో నాన్న కసిరారు. "నోరు మూసుకు నడవరా. పాముల చోటు." ఆ గట్టుమీద పాములున్న మాట నిజమే. కాని నాన్న గొంతులో ఉన్నది పాముల భయం కాదని చాలా ఏళ్లకిగాని నాకు తెలియలేదు.

మా నాన్నకి ఒక చెల్లెలు. పెడన దగ్గర ఇచ్చారు. మామయ్య మంచివాడు. మంచివాడు గనకనే ఎవరి నోటుకో హామీ సంతకం పెట్టి ఆరెకరాలు పోగొట్టుకున్నాడు. వాళ్ల అబ్బాయి మా అక్కయ్యకంటే మూడేళ్లు పెద్ద. మేం పిల్లలం 'బావ' అంటే వరసకి అనేవాళ్లమేగాని లోపల సంగతులు మాకేం తెలుసు?

ఆ మరుసటి ఏడు సంక్రాంతికి అత్తయ్య వచ్చింది. వసారాలో నాన్నతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి, "వదినా, పిల్లనిస్తావా?" అని అడిగింది. అమ్మ పొయ్యిలోకి పుల్లలు తోస్తూ, "మీ అన్నయ్యగారు ఎలా అంటే అలా" అంది. అన్నయ్యగారు ఏమీ అనలేదు. అన్నం వడ్డిస్తే అత్తయ్య చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆఖరి బస్సుకి వెళ్లిపోయింది. 1960లో అక్కయ్య పెళ్లి ఏలూరు సంబంధంతో అయింది. అత్తయ్య రాలేదు. అప్పటినుంచి రాకపోకలు లేవు.

అక్కయ్య సుఖంగానే ఉంది, అది చెప్పాలి. బావ కూడా బందరులో ఉద్యోగం చేసుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని వృద్ధిలోకి తెచ్చాడు. మేనరికాలు మంచివికావని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, కాబట్టి ఆ సంబంధం తప్పిపోయిందని విచారించడానికి నేను ఇది రాయడం లేదు. నా విచారం వేరు.

1975 ప్రాంతాల బందరు బస్టాండులో బావ కలిశాడు. సోడా తాగుతూ మాటల్లో చెప్పాడు. మా అక్కయ్య మొదటి పుట్టినరోజుకి అత్తయ్యావాళ్లు మా ఇంటికి వచ్చారట. వసారాలో పంక్తి లేచింది. విస్తరిముందు కూర్చునే నాన్న, "అమ్మాయ్, ఇది నీ కోడలే, నా మాట" అన్నారట చెల్లెలితో. అత్తయ్య, "వదినని కూడా అడుగు అన్నయ్యా" అంటే, "నేను చెబుతాలే" అన్నారట. ఆ సమయానికి మా అమ్మ వంటింట్లో బూరెలు వేయిస్తోంది.

చెబుతానన్నవారు చెప్పలేదు. మొదట చెప్పక్కర్లేదనుకున్నారో, పొలాలు పోయాక చెప్పలేకపోయారో ఆయనకే తెలియాలి. గట్టుమీద నన్నెందుకు కసిరారో ఆ సోడా తాగుతుండగా నాకు తెలిసింది.

అత్తయ్య దృష్టిలో మా అమ్మ మాట తప్పిన మనిషి. అమ్మ దృష్టిలో అత్తయ్య, ఏ హక్కూ లేకుండా పిల్లనడగవచ్చి, ఇవ్వకపోతే అన్నం వదిలేసి వెళ్లిన మనిషి. ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ. ఒకామెకి మొదటి రీలు దక్కింది, ఒకామెకి దక్కలేదు.

మరి నువ్వెందుకు చెప్పలేదయ్యా అంటారు మీరు. నిజమే. నాన్న ఉన్నంతకాలం ధైర్యం చాలలేదు. 1989లో ఆయన పోయాక, ఇప్పుడెందుకులే, పోయిన మనిషిమీద చెప్పడం అనుకున్నాను. సినిమాహాల్లో పక్కవాడు అడిగితే విసుక్కునే మనిషికీ నాకూ తేడా ఏముంది? వాడికైనా బొమ్మ చూసే తొందర ఉంది.

2003లో మా అబ్బాయి 'మాయాబజార్' సీడీ తెచ్చాడు. అమ్మకి అప్పటికి 77 ఏళ్లు. చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. టీవీకి దగ్గరగా కుర్చీ వేశాం. పేర్లు పడ్డాయి, వేడుక మొదలైంది.

"ఈ పిల్ల ఎవరు?" అంది అమ్మ.

"శశిరేఖ."

"సావిత్రి గదా శశిరేఖ?"

"పెద్దయ్యాక సావిత్రి. చిన్నప్పుడు ఈ పిల్ల."

అమ్మ ముందుకి వంగింది. పాట అయింది, మాట ఇవ్వడమూ అయింది. "ఆపు" అంది. అబ్బాయి ఆపాడు. అమ్మ కాసేపు తెరవంకే చూసి, నావైపు తిరిగింది.

"ఒరే, మీ నాన్న కూడా మీ అత్తకి ఇలా మాటిచ్చారా?"

45 ఏళ్ల క్రితం గట్టుమీద అనబోయి ఆగిన మాట అదేనేమో. ఇక కసిరేవాళ్లెవరూ లేరు.

"ఇచ్చారమ్మా" అన్నాను.

"ఎప్పుడు?"

"అక్కయ్య మొదటి పుట్టినరోజున. నువ్వు వంటింట్లో ఉన్నావట."

అమ్మ ఏడవలేదు, నాన్నని ఒక్క మాట అనలేదు. "నాకెవరూ చెప్పలేదు" అంది. కాస్త ఆగి, "నీకెప్పుడు తెలుసు?" అంది. చెప్పాను. తల ఊపింది. ఆ ఊపడం నన్ను ఈనాటికీ వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే తయారై వీధరుగుమీద కూర్చుంది. "పెడన పోదాం పద" అంది.

అత్తయ్య అప్పటికి కొడుకు దగ్గర కాదు, పెడన పాత ఇంట్లోనే ఉంటోంది. సందు ఇరుకు, కారు లోపలికి పోదు. అమ్మని గుమ్మందగ్గర దింపి, కారు వెనక్కి తీసి, చెరువుగట్టున చెట్టుకింద పెట్టి, ఎదురైన ఒక తెలిసినాయనకి సమాధానం చెప్పి తిరిగివచ్చేసరికి పావుగంట పట్టింది.

నేను వెళ్లేసరికి ఇద్దరూ వంటింటి గడపకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒకే పళ్లెంలో పెరుగన్నం. అత్తయ్య కలిపి పెడుతోంది. అమ్మ చెయ్యి చాపుతోంది. నన్ను చూసి అత్తయ్య, "ఏరా, ఇప్పుడా రావడం?" అంది.

ఏమనుకున్నారో, ఎవరు ముందు మాట్లాడారో నేను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. ఇద్దరూ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ బొమ్మలో మొదటి రీలు మాత్రం నాకు దక్కలేదు.