ఫ్రాంక్స్ మనూళ్లో తయారీ.. ఏడీఏఎస్ మాత్రం జపాన్‌కే! ఓనర్ల అసలు బాధేంటి?

మారుతి ఫ్రాంక్స్ కొన్నవాళ్లని కదిపితే ముందుగా వచ్చేది మైలేజ్ మాటే. దాని మీద పెద్దగా గొడవ లేదు. సిటీలో తిప్పడానికి తేలిక, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కానీ మాట కాస్త ముందుకు సాగితే మాత్రం "అన్నీ బాగున్నాయి కానీ.." అని మొదలవుతుంది. ఆ 'కానీ' తర్వాత వచ్చే లిస్ట్ చిన్నదేం కాదు.

సన్‌రూఫ్ లేదు. వెంటిలేటెడ్ సీట్లు లేవు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ లేదు. ఏడీఏఎస్ లేదు. ఇదే ధరలో పక్క కంపెనీల వాళ్లు ఇవన్నీ చూపిస్తున్నారు. టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్ లాంటి చిన్న కార్లకే సన్‌రూఫ్ వచ్చేసింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ అయితే 4 మీటర్ల లోపే పానోరమిక్ సన్‌రూఫ్, లెవెల్ 2 ఏడీఏఎస్ రెండూ ఇస్తోంది.

నిజానికి సన్‌రూఫ్ సంగతి పక్కన పెట్టేయొచ్చు. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో పైకప్పు తెరిచేదెవరు? మన ఎండలకి అసలు కావాల్సింది వెంటిలేటెడ్ సీట్లు. మధ్యాహ్నం పూట హైదరాబాద్ నుంచి విజయవాడకి నాలుగైదు గంటలు కూర్చుంటే వీపు తడిసిపోతుంది. ఏసీ ఎంత పెంచినా సీటుకి ఆనుకున్న చోట గాలి ఆడదు. కాబట్టి ఈ కంప్లయింట్‌లో న్యాయం ఉంది.

ఓనర్లకి ఎక్కువ మండేది మాత్రం ఇంకో విషయంలో. ఫ్రాంక్స్ తయారయ్యేది గుజరాత్‌లోనే. అక్కడి నుంచే జపాన్‌కి కూడా వెళ్తోంది. 2024 అక్టోబర్‌లో అక్కడ లాంచ్ అయిన ఫ్రాంక్స్‌లో ఏడీఏఎస్ ఉంది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంది. హీటెడ్ సీట్లు ఉన్నాయి. ఇంజిన్ 1.5 లీటర్ మైల్డ్ హైబ్రిడ్, 6 స్పీడ్ ఆటోమేటిక్. కావాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా! అదే ప్లాంట్ నుంచి వచ్చిన అదే కారు.. మన రోడ్డు మీదికి వచ్చేసరికి ఇవేవీ లేవు. దక్షిణాఫ్రికాకి వెళ్లే ఫ్రాంక్స్‌లో కూడా 1.5 లీటర్ ఇంజినే.

మరి మనకెందుకు ఇవ్వలేదు? ఇంజిన్ విషయంలో జవాబు ట్యాక్స్‌లో ఉంది.

ఫ్రాంక్స్ పొడవు 3,995 ఎంఎం. 4 మీటర్లకి 5 ఎంఎం తక్కువ. మన దేశంలో 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటేనే చిన్న కారు కింద లెక్క. పాత జీఎస్టీలో సెస్‌తో కలిపి అలాంటి కారుకి 29 శాతం, 1.5 లీటర్ పెట్రోల్ పెడితే 45 శాతం పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అవి 18, 40 శాతం అయ్యాయి. రెండూ తగ్గాయి.. నిజమే. కానీ మధ్యలో తేడా 16 నుంచి 22 పాయింట్లకి పెరిగింది. పన్నులు వేయకముందు 7 లక్షలు ఉన్న కారునే తీసుకుందాం. 18 శాతంతో 8.26 లక్షలు, 40 శాతంతో 9.80 లక్షలు. ఇంజిన్ ఖర్చు పక్కన పెడితే, ట్యాక్స్ ఒక్కదాని వల్లే లక్షన్నర తేడా! అంటే కొత్త జీఎస్టీ వచ్చాక ఫ్రాంక్స్‌లో 1.5 లీటర్ పెట్రోల్ ఆశ ఇంకా దూరమైంది. ఆ ఇంజిన్ కావాలంటే అదే మారుతిలో బ్రెజా ఉంది, 40 శాతం కట్టి తీసుకోవాలి. డీజిల్ మాటే ఎత్తక్కర్లేదు, మారుతి 2020లోనే దాన్ని వదిలేసింది.

ఫీచర్ల విషయంలో మాత్రం ట్యాక్స్‌ని సాకుగా చూపించలేరు. కెమెరా, రాడార్ పెడితే శ్లాబ్ మారదు. జపాన్‌లో కొత్త మోడళ్లకి ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ తప్పనిసరి, మన దగ్గర కార్లకి ఆ రూల్ లేదు. రూల్ ఉన్న చోట పెట్టారు, లేని చోట ధర తగ్గించి అమ్ముతున్నారు.. అంతే లెక్క. 6 ఎయిర్‌బ్యాగుల కథ కూడా చూడండి. 2023 ఏప్రిల్‌లో కారు వచ్చినప్పుడు అవి పై వేరియంట్లకే. 2025 జులైలో గానీ అన్నిటికీ రాలేదు. ముందు కింది వేరియంట్లు కొన్నవాళ్లు రెండు ఎయిర్‌బ్యాగులతోనే తిరుగుతున్నారు. ఇక మారుతి పెట్రోల్ కార్లలో లెవెల్ 2 ఏడీఏఎస్ 2025లో విక్టోరిస్‌తో మొదలైంది. అది ఫ్రాంక్స్ కన్నా పై సైజు, పై ధర.

ఇంకో చిక్కు వేరియంట్లలో ఉంది. 1.2 లీటర్ ఇంజిన్ 90 పీఎస్, 113 ఎన్ఎం. 1.0 లీటర్ టర్బో 100 పీఎస్, 148 ఎన్ఎం. 360 డిగ్రీ కెమెరా, హెడ్-అప్ డిస్‌ప్లే కావాలంటే టాప్ వేరియంట్‌కి వెళ్లాలి, అది టర్బోలోనే ఉంది. టర్బో అక్కర్లేదు, మామూలు 1.2 చాలు, కానీ కెమెరా కావాలి అనేవాళ్లకి దారి లేదు. 1.2లో ఆటోమేటిక్ అడిగితే ఏఎంటీ. గేర్ మారేటప్పుడు వచ్చే ఆ కుదుపు నచ్చనివాళ్లు టార్క్ కన్వర్టర్ కోసం మళ్లీ టర్బోకే డబ్బు పెట్టాలి.

సీఎన్‌జీ తీసుకున్నవాళ్లది వేరే గోల. కిలోకి 28.51 కిలోమీటర్లు అని కంపెనీ చెప్పే లెక్క, జేబుకి హాయి. కానీ పవర్ 77.5 పీఎస్‌కి పడిపోతుంది, 308 లీటర్ల డిక్కీలో చాలా భాగం సిలిండరే తినేస్తుంది. పండక్కి ఊరెళ్తే బ్యాగులు వెనక సీట్లోకే. టాటా నెక్సాన్‌లో అయితే సిలిండర్లని రెండు చిన్నవి చేసి అడుగున సర్దారు, పైగా టర్బో ఇంజిన్‌కే సీఎన్‌జీ ఇచ్చారు. టొయోటా టైజర్ చూద్దామా అనుకుంటే అదీ ఇదే కారు, బ్యాడ్జ్ మారింది.

అందుకే ఇప్పుడు ఫ్రాంక్స్ బుక్ చేయాలనుకునేవాళ్లు షోరూంలో ముందు అడగాల్సింది ఆన్‌రోడ్ ధర కాదు.. తమకి కావాల్సిన ఫీచర్ ఏ ఇంజిన్‌తో వస్తుందని. ఏఎంటీ, టర్బో ఆటోమేటిక్ రెండూ ఒకే రోజు, అదీ ట్రాఫిక్ ఉన్న టైంలో నడిపి చూడాలి. ఇక సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు 2025 జులైకి ముందు బండి అయితే ఎయిర్‌బ్యాగులు ఎన్నో లెక్కపెట్టుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి.