కత్తెర కన్నా ముందు దువ్వెన

పోయిన వారం మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక పోల్ వచ్చింది. ఒక ఫ్రెండ్ వాళ్ళింట్లో గోల్డెన్ రిట్రీవర్ ఉంది. ఎండలు మొదలయ్యాయి కదా, "మావాడికి సమ్మర్ కట్ చేయించేద్దామా, వద్దా?" అని అడిగాడు. అయిదు నిమిషాల్లో గ్రూప్ అంతా ఓట్లేసింది. ఇంటర్నల్స్ వాయిదా వెయ్యమని అడుగుదామా అన్న పోల్‌కి కూడా అంత స్పీడ్‌గా పడలేదు. ఎక్కువమంది "చేయించెయ్ రా, పాపం" అనే అన్నారు.

నేను ఓటెయ్యలేదు. ఎందుకంటే మూడేళ్ళ క్రితం "చేయించేద్దాం, పాపం" అన్నదాన్ని నేనే. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత నా అభిప్రాయం. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకుపోండి.

మాది రాజమండ్రి. మా ఇంట్లో లడ్డు అని ఒక తెల్ల బొచ్చుకుక్క ఉంది. వీధిలో అందరూ పొమరేనియన్ అంటారు గానీ, నిజానికి వాడు ఇండియన్ స్పిట్జ్. మన దేశంలో పొమరేనియన్ అని పిలుచుకునే కుక్కల్లో చాలావరకు ఇవే. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీ ఉంటుంది చూడండి, అదే జాతి. ఒళ్ళంతా దూదిలాంటి బొచ్చు, మెడ చుట్టూ పెద్ద కాలర్, వీపు మీదకి తిరిగిన తోక.

టెన్త్ పరీక్షలు అయిపోయిన మే నెల అది. రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, అలాగే ఉంది. లడ్డు పొద్దస్తమానం నాలుక బయటపెట్టి రొప్పుతూ, బాత్రూం గడప దగ్గర పొట్ట నేలకి ఆనించి పడుకునేవాడు. నాకు జాలేసింది. మనం ఎండాకాలంలో కాటన్ బట్టలు వేసుకుంటాం, వీడు మాత్రం ఉన్ని కోటు వేసుకుని తిరుగుతున్నాడు అనిపించింది. నాన్న "ఎందుకులేమ్మా, అలా ఉండనీ" అన్నారు. నేనే పట్టుబట్టి గ్రూమింగ్ షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ అబ్బాయి "షార్టా, జీరోనా?" అని అడిగాడు. డబ్బులు ఎలాగూ ఇస్తున్నాం కదా అని "జీరో" అన్నాను.

గంట తర్వాత బయటికొచ్చిన ప్రాణిని చూసి నేనే గుర్తుపట్టలేదు. సన్నగా, గులాబీ రంగులో, ఎలకపిల్లలా ఉన్నాడు. పక్కింటి ఆంటీ "ఏంటమ్మా, తిరుపతి తీసుకెళ్ళారా?" అని నవ్వారు. మేమూ నవ్వాం. లడ్డు మాత్రం మంచం కిందికి దూరి రెండు రోజులు బయటికి రాలేదు. నాన్నమ్మ "బెంగ పడకే, గుండు చేయిస్తే జుట్టు ఇంకా ఒత్తుగా వస్తుంది. నీకూ అలాగే కదా వచ్చింది" అంది. పుట్టువెంట్రుకలు తీయించినప్పటి నా సంగతి అది.

మూడో రోజు సాయంత్రం డాబా మీదకి తీసుకెళ్ళాను. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. మర్నాటికి వీపు ఎర్రగా కందిపోయింది. వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన చూసి "స్వెటర్ అనుకుని గొడుగు తీసేశారమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకుంది కలిపి చెప్తాను.

మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరినప్పుడు చల్లబడతాం. ఫ్యాన్ గాలి హాయిగా ఉండేది కూడా అందుకే. కుక్కకి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళలోనే. అది చల్లబడేది రొప్పడం వల్ల, అంటే నాలుక మీద, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరవడం వల్ల. కాబట్టి బొచ్చు తీసేస్తే మనం చొక్కా విప్పినంత సుఖం దానికి ఉంటుందనుకోవడం తప్పు. పైగా స్పిట్జ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ, జర్మన్ షెపర్డ్ లాంటి కుక్కలకి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. లోపల మెత్తటి దూది పొర, పైన పొడుగు వెంట్రుకల పొర. ఎండాకాలం వచ్చేసరికి లోపలి పొర చాలావరకు దానంతటదే రాలిపోతుంది. పైపొర చర్మానికి ఎండ తగలకుండా కాపలా కాస్తుంది. నేను జీరో కొట్టించి ఆ కాపలా తీసేశాను.

ఇంక బొచ్చు మళ్ళీ రావడం సంగతి. చాలా కుక్కలకి కొన్ని నెలల్లో మామూలుగానే వచ్చేస్తుంది. కానీ స్పిట్జ్, పొమరేనియన్, హస్కీ లాంటి జాతుల్లో కొన్నిటికి నెలల తరబడి రాదు, ఒక్కోసారి ఏడాది దాటినా రాదు, వచ్చినా ముందులా ఉండదు. దీనికి పోస్ట్ క్లిప్పింగ్ అలొపేషియా అని పేరు కూడా ఉంది. లడ్డుకి మెడ, కాళ్ళు, తోక దగ్గర వచ్చింది. నడుం మీద మాత్రం ఇప్పటికీ పీచులా, పల్చగా ఉంటుంది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట మనుషుల్లోనే నిజం కాదు, కుక్కల్లో ఎలా అవుతుంది? జుట్టు మూలాలు చర్మం లోపల ఉంటాయి. పైన బ్లేడు పెడితే వాటి లెక్క పెరగదు.

ఇక్కడితో ఆపేస్తే "కుక్కకి కటింగ్ చేయించకండి, సహజంగా వదిలేయండి" అని ముగించెయ్యొచ్చు. కానీ నా అభిప్రాయం అది కాదు. ఎందుకంటే కథలో ఒక ముక్క నేనింకా చెప్పలేదు.

ఎండ అన్నది మేం చెప్పుకున్న కారణం. అసలు కారణం, లడ్డుని నేను దువ్వడం మానేశాను. టెన్త్ చదువు పేరు చెప్పి ఆ ఏడాదంతా వాడి దువ్వెన ముట్టుకోలేదు. చెవుల వెనక, చంకల్లో, తొడల దగ్గర బొచ్చు ఉండలు కట్టేసింది. ముట్టుకుంటే నొప్పికి గుర్రుమనేవాడు. ఇల్లంతా తెల్లటి బొచ్చు. సాంబార్లో వెంట్రుక వచ్చిందని అమ్మ రోజూ గొడవ. ఇన్ని సమస్యలకి ఒకే ఒక్క సొల్యూషన్ జీరో కటింగ్. కోడ్‌లో బగ్ ఎక్కడుందో వెతకడానికి బద్ధకమేసి ఫైల్ మొత్తం డిలీట్ చేసినట్టు. దానికి "పాపం, ఎండ" అని ఒక మంచి పేరు పెట్టుకున్నాం.

అందుకే "సహజంగా వదిలేద్దాం" అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. పొడుగు బొచ్చు కుక్కల్ని ఈ రూపానికి తెచ్చింది మనుషులే. తరాల తరబడి ఎంచి ఎంచి పెంచి, ఇప్పుడు ప్రకృతి చూసుకుంటుందిలే అంటే ఎలా? మన ఊరి వీధికుక్కకైతే దేవుడు ముందే సమ్మర్ కట్ చేసి పంపాడు, దాన్ని వదిలెయ్యొచ్చు. బొచ్చుకుక్కని దువ్వకుండా వదిలేస్తే అది సహజం కాదు, నిర్లక్ష్యం. రాలిన లోపలి బొచ్చు పైపొరలో ఇరుక్కుపోయి ఉండలు కడుతుంది. ఆ ఉండల కింద గాలి ఆడదు, తడి ఆరదు, పుండ్లు పడతాయి. గోమార్లు దాక్కుంటే కనపడవు, వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్‌తో ప్రాణం మీదకి వస్తుంది. అలా ఉండలు కట్టిన కోటు కన్నా పొట్టి కటింగే నయం. ఉండలు మరీ ముదిరిపోతేనో, చర్మవ్యాధి వస్తేనో, ఆపరేషన్ అవసరమైతేనో డాక్టర్లే బొచ్చు తీసేస్తారు. అది వైద్యం, దాన్నెవరూ కాదనరు.

ఇంకో సంగతి, అన్ని బొచ్చుకుక్కలూ ఒకటి కాదు. షిట్జూ, లాసా ఆప్సో, మాల్టీస్, పూడుల్ లాంటివాటికి బొచ్చు మన తల జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. కత్తిరించకపోతే కళ్ళల్లో పడి గుచ్చుకుంటుంది, నేలమీద ఈడుస్తుంది. వాటికి నెలా రెణ్ణెల్లకోసారి ట్రిమ్మింగ్ తప్పదు. పూడుల్‌కి చేసే ఆ వింత కటింగ్ కూడా ఒకప్పుడు ఫ్యాషన్ కోసం పుట్టింది కాదట. అవి నీళ్ళలో పడ్డ బాతుల్ని వేటగాళ్ళకి తెచ్చిచ్చే కుక్కలు. ఈతకి అడ్డం రాకుండా బొచ్చు తీసేసి, ఛాతీ మీద, కీళ్ళ దగ్గర మాత్రం చలికి ఉంచేవారని చెప్తారు. కత్తెర ఎప్పుడూ చెడ్డది కాదన్నమాట. ఏ కుక్కకి, ఎందుకు, ఎంత అన్నదే ముఖ్యం.

మన భాషలో చెప్పాలంటే ఇది ఒక ఇఫ్-ఎల్స్. మీ కుక్క వీపు మీద బొచ్చు వేళ్ళతో పాయ తీసి చూడండి. కింద చర్మానికి ఆనుకుని దూదిలాంటి ఇంకో పొర కనిపిస్తే, జీరో మెషీన్ వద్దు. అరికాళ్ళ మధ్య పెరిగిన బొచ్చు తీయించండి, లేకపోతే టైల్స్ మీద జారుతుంది. తోక కింద శుభ్రంగా ఉండేలా కొంచెం కత్తిరించండి. మిగతాదంతా దువ్వెన పని. దూది పొర లేకపోతే, బొచ్చు పెరుగుతూనే ఉంటే, నిశ్చింతగా ట్రిమ్ చేయించండి, చర్మం కనపడేదాకా మాత్రం వద్దు.

దువ్వడం అంటే పైపైన నాలుగుసార్లు రాసెయ్యడం కాదు. పాయలు తీసి మొదలు దాకా దువ్వాలి. స్నానానికి ముందే చిక్కు తీయాలి, తడిస్తే ఉండలు ఇంకా బిగుసుకుపోతాయి. ఉండని వంటింటి కత్తెరతో తెంపకూడదు, చర్మం కూడా తెగుతుంది. మా ఇంట్లో ఇప్పుడు రోజు విడిచి రోజు పావుగంట. ఎండకి వేరే ఉపాయాలున్నాయి. పొద్దున ఆరులోపు, చీకటిపడ్డాకే వాకింగ్. రోడ్డు మీద మన అరచెయ్యి ఆనించలేకపోతే దాని కాలూ ఆనించలేదు. ఎప్పుడూ నీళ్ళగిన్నె నిండుగా ఉంచడం, పొట్టకీ పాదాలకీ తడిగుడ్డ. చొంగ చిక్కగా కారుతూ, రొప్పు ఆగకుండా తూలుతుంటే మాత్రం ఉపాయాలు వెతక్కుండా వెంటనే డాక్టర్ దగ్గరికి.

"ఇదంతా చేసే టైం ఎవరికుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫస్ట్ ఇయర్‌లో హాస్టల్‌కి వచ్చిన రెండో నెలలో నా జడ నేను కత్తిరించేసుకున్నాను. ఆ ఉప్పునీళ్ళు, ఎనిమిదిన్నర క్లాసు, నడుం దాకా జుట్టు, నా వల్ల కాలేదు. అమ్మ వీడియో కాల్‌లో ఏడ్చినంత పని చేసింది. నాకేం బాధ లేదు, ఎందుకంటే నా జుట్టు, నా తల, నా నిర్ణయం. లడ్డు విషయంలో అలా కాదు. నా తీరికలేనితనానికి వాడి వీపు కాలింది. వాడికి ఓటు లేదు, పోల్ ఉందని కూడా తెలీదు.

కాబట్టి టైం లేదన్నవాళ్ళకి నా జవాబు: ఆ లెక్క కుక్కని కొనకముందే వేసుకోవాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే ఫ్లాట్ తీసుకుని హస్కీని పెంచుతాం అనేవాళ్ళు మన బ్యాచ్‌లోనే ఉన్నారు. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్కని తొమ్మిదింటికి ఆఫీసుకెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళు ఎలా దువ్వుతారో ముందు ఆలోచించండి. వారానికి గంట ఇవ్వలేమనుకుంటే మన ఊరి పొట్టి బొచ్చు కుక్కపిల్లని తెచ్చుకోండి. అది కూడా అంతే ప్రేమగా తోక ఊపుతుంది. ఇప్పటికే బొచ్చుకుక్క ఇంట్లో ఉండి, దువ్వడం నిజంగా కుదరకపోతే, తెలిసిన గ్రూమర్ దగ్గరికి క్రమం తప్పకుండా తీసుకెళ్ళి దువ్వించండి. కనీసం కారణమైనా నిజం చెప్పుకోండి. "ఎండకి పాపం" అని కాదు, "నాకు కుదరట్లేదు" అని. అలా ఒప్పుకుంటే చేతిలోకి వచ్చేది జీరో మెషీన్ కాదు, దువ్వెనే అయ్యే అవకాశం ఉంది.

ఆ పోల్‌లో నాకు కావాల్సిన ఆప్షన్ లేదు. అందుకే నా ఫ్రెండ్‌కి విడిగా మెసేజ్ పెట్టాను: "కటింగ్ సంగతి తర్వాత, ఆఖరిసారి ఎప్పుడు దువ్వావు?" అని. చాలాసేపు బ్లూ టిక్కులే. తర్వాత "సంక్రాంతికి అనుకుంటా" అని రిప్లై వచ్చింది.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు లడ్డు దువ్వెన డ్యూటీ నాదే. నడుం దగ్గర ఆ పీచు బొచ్చు మీదకి వచ్చేసరికి చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది. వాడు మాత్రం అదేం గుర్తులేనట్టు, పొట్ట నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని దువ్వించుకుంటాడు.