అరిగేదాకా అచ్చు వెయ్యండి

ఈమధ్య ఏ పుస్తకాల పండక్కి వెళ్ళినా ఓ మూల లినో ప్రింట్ల బల్ల కనిపిస్తోంది. సంతోషమే. వారమంతా కోడ్ రాసి ఆదివారం లినో చెక్కుకునే బాపతు నేను కూడా. నా పేచీ అల్లా బొమ్మ కింద పెన్సిల్‌తో రాసే అంకెతోనే. 7/25. అంటే మొత్తం పాతికే తీశారు, మీకు దొరికింది ఏడోది, అదృష్టవంతులు అని. పాతికా అయ్యాక దిమ్మె మీద అడ్డంగా గాటు పెట్టి పాడుచెయ్యడం ఓ ఆచారం. ఆచారం కాదు, అపచారం అంటాను.

అసలు లినో అంటే ఏమిటి? అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచిన సరుకు. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ ఇళ్ళలో నేల మీద పరవడానికి తయారుచేశాడు. చెక్కలా దీనికి పొర ఉండదు, ఉలి ఎటు తోస్తే అటు తెగుతుంది. మా నూజివీడు మే నెల ఎండలో కాసేపు పెడితే ఇంకా మెత్తబడుతుంది. ప్రెస్ అక్కర్లేదు, సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వెనకతో రుద్దితే బొమ్మ దిగుతుంది. చవక, సులువు, మళ్ళీ మళ్ళీ. దీని పుట్టుకే అది.

మన దేశంలో దీన్ని పట్టుకున్న పెద్దవాళ్ళకి ఆ సంగతి తెలుసు. 1930లో నందలాల్ బోస్ కర్ర పట్టుకుని నడిచే గాంధీని లినో మీద చెక్కాడు. అదే ఏడు వచ్చిన రవీంద్రుడి 'సహజ్ పాఠ్'కి బొమ్మలూ ఆయన లినోకట్లే. అది పిల్లల వాచకం, గమనించండి! కరువు బొమ్మలేసిన చిత్తప్రసాద్ 1950ల మొదట్లో పనిచేసే పిల్లల మీద లినోకట్లు చేశాడు. గోడకో బొమ్మ అమ్ముకోవాలంటే వీళ్ళకి కాన్వాసు ఉంది. లినో పట్టుకున్నది ఎక్కువమందికి చేరడానికి.

అంత దూరం ఎందుకు, బందరు పక్కన పెడన ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా మాదీ వాళ్ళదీ ఒకే కృష్ణా జిల్లా. అక్కడ టేకు దిమ్మెల మీద లతలూ పువ్వులూ చెక్కుతారు. రంగుకో దిమ్మె. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ దిమ్మెతో బారలకు బారలు అద్దుతారు. పాతిక చీరలయ్యాక దిమ్మె పగలగొట్టమని అక్కడ ఎవరికైనా చెప్పి చూడండి. మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు, ఎండదెబ్బ తగిలిందేమోనని. చిన్నరసాల తోట ఉన్నవాడెవడూ ధర పెరుగుతుందని పాతిక కాయలు కోసి చెట్టు నరకడు.

"మరి ఆర్టిస్టు బతకొద్దా?" బతకాలి. లెక్క చూద్దాం. చెక్కినందుకు ముప్ఫైవేలు రావాలనుకుంటే, పాతిక ప్రింట్ల మీద ఒక్కోదానికి 1,200 పడుతుంది. మూడొందల మీదైతే 100. కాగితం, సిరా, రుద్దిన శ్రమ పైన వేసుకోండి. చెక్కినవాడి డబ్బు ఎక్కడికీ పోలేదు. పోయింది కొరత ఒక్కటే.

"మూడొందలమంది కొంటారా?" ఇది న్యాయమైన ప్రశ్న. కొనకపోవచ్చు. కానీ పుస్తకంలా మూడొందలూ ఒకేసారి వేసి మంచం కింద పెట్టుకోనక్కర్లేదు కదా. దిమ్మెకి మినిమమ్ ఆర్డర్ లేదు. పది అడిగితే పది తియ్యండి. ఆర్నెల్లకి ఇంకొకరు అడిగితే ఇంకొకటి. డబ్బు ఆలస్యంగా వస్తుంది, నిజమే. గాటు పెట్టిన దిమ్మె నుంచి మాత్రం ఎప్పటికీ రాదు.

"గీతలు అరిగిపోతాయిగా?" అరగనివ్వండి. ఎక్కడ ఆపాలో దిమ్మె చెబుతుంది, మార్కెట్ కాదు. అంకె వెయ్యాలనిపిస్తే ఇది 212వది అని నిజాయితీగా వెయ్యండి, కింద గీతా పాతికా అక్కర్లేదు.

మనం కవిత్వం అందరికీ చేరాలంటాం, పుస్తకాల ధర తగ్గాలంటాం. అదే నోటితో పాతికలో ఒకటి మన గోడ మీద ఉందని ఫొటో పెడతాం. మనం కొంటున్నది బొమ్మనా, పక్కవాడికి దొరకలేదన్న తృప్తినా? ఈసారి ఆ బల్ల దగ్గర ఆగినప్పుడు ఒక్క మాట అడగండి: "దిమ్మె ఇంకా ఉందా?" ఉందంటే కొనండి. పాడుచేశామంటే, బేరం కూడా ఆడకుండా వచ్చెయ్యండి.