తోరణం సరే... నిచ్చెన ఏదీ?

దసరా వస్తోందంటే ఆఫీసుల్లోనూ సందడే. ఆయుధపూజ నాటికి కంప్యూటర్లకు కుంకుమబొట్లు, తలుపులకు మామిడాకులు, గోడలకు బంతిపూల దండలు. కొన్నిచోట్ల దీపావళి దాకా సీరియల్ బల్బులు వెలుగుతూనే ఉంటాయి. ముచ్చటైన పనే. కానీ ఇంట్లో తోరణం కట్టేటప్పుడు స్టూలు పట్టుకోవడానికి పక్కన ఎవరో ఒకరుంటారు. మరి ఆఫీసులో? 'నువ్వెక్కవయ్యా' అంటూ అటెండరును చక్రాలున్న కుర్చీ ఎక్కించేస్తాం!

ప్రమాదం అనగానే మనకు షార్ట్ సర్క్యూటే గుర్తొస్తుంది. ముందు భయపడాల్సింది ఆ కుర్చీకి. చెయ్యి పైకి చాచగానే అది కాళ్లకింద నుంచి జారిపోతుంది. పడితే చెయ్యో నడుమో విరుగుతుంది. కాబట్టి మడత నిచ్చెన తెప్పించండి. ఎక్కేది ఎవరైనా, కింద మరొకరు పట్టుకోవాలి.

ఇక కరెంటు సంగతి. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర మోయగలిగింది సుమారు 1,380 వాట్లే. ఎల్ఈడీ దండలకు పెద్దగా కరెంటు అక్కర్లేదు. చిక్కల్లా అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 1,500 వాట్ల కెటిల్ కూడా తగిలించినప్పుడే. బాక్సుకు మరో బాక్సు కలపకండి. ప్లగ్గు లేకుండా సాకెట్లో గుచ్చి అగ్గిపుల్లతో బిగించే తీగలు వద్దే వద్దు.

స్ప్రింక్లర్లకు, పొగను పసిగట్టే డిటెక్టర్లకు దండలు వేలాడదీయకండి. పొగ లోపలికి చేరకపోతే డిటెక్టర్ మోగదు. బయటికెళ్లే దారి చూపే బోర్డును పూలతో కప్పేయొద్దు. మెట్ల ముందు ముగ్గు వద్దు. నున్నటి టైల్స్ మీద రంగుపొడి జారుతుంది. గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టాక ముక్కలు వెంటనే ఎత్తేయాలి. లేదంటే వెనకొచ్చే బైకు జారిపడొచ్చు. హారతి కర్పూరాన్ని కాగితాలకు, కర్టెన్లకు దూరంగా వెలిగించాలి.

తీగల్లో మంట కనిపిస్తే నీళ్లు పోయకండి. వీలైతే మెయిన్ ఆపేయండి. చిన్న మంటైతే కార్బన్ డై ఆక్సైడ్ సిలిండరు వాడొచ్చు. పెద్దదైతే అందర్నీ బయటికి పంపి 101కు ఫోన్ చేయాలి.

చందాలు రాసుకునే కాగితం మీదే ఇంకో రెండు పేర్లూ రాసుకోండి. నిచ్చెన పట్టుకునేది ఎవరు? సాయంత్రం దీపాలు కట్టేసి వెళ్లేది ఎవరు? రెండుచోట్లా అటెండరు పేరే రాయకండి. ఆయన ఇంట్లోనూ పండగే కదా!